డ్రాగన్‌కు కాళ్ళెన్ని?

పోయిన వేసవి సెలవులకు మా మనవడు హైదరాబాదు నుంచి నిర్మల్ వచ్చాడు. వాడు ఆరవ తరగతి పిల్లవాడు. వచ్చిన రోజునే సంచీలోనుంచి ఒక బొమ్మల పుస్తకం తీసి నాకు చూపించాడు. పుస్తకం నిండా వాడు గీసిన డ్రాగన్లే! ఒకటి నల్లనిది, ఒకటి ఎర్రనిది, ఒకటి ముక్కుల్లోంచి పొగలు వదులుతున్నది. అన్నిటికీ గబ్బిలం రెక్కల వంటి రెక్కలున్నవి. అన్నిటి వీపు మీదా గుర్రానికి వేసినట్టు జీను ఉన్నది. జీను మీద కూర్చున్న పిల్లవాడు ఎవరో నేను అడగకుండానే తెలిసిపోయింది.

"తాతా, దీన్ని కొయ్యబొమ్మగా చేయించి పెట్టవా?" అన్నాడు వాడు.

నిర్మల్‌లో ఈ కోరిక తీర్చటం ఏమంత కష్టం కాదు. మా ఊరి కొయ్యబొమ్మలు మీరు చూసే ఉంటారు. పొనికి అనే తేలికైన కొయ్యను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురుతో అతికి, ఆరిన తరవాత రంగులు వేస్తారు. తండ్రుల నుంచి కొడుకులు నేర్చుకుంటూ వస్తున్న విద్య ఇది. ఆ పని చేసేవారిలో ఒకాయన ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. మర్నాడు పొద్దున్నే మనవణ్ణి ఆయన దగ్గరికి తీసుకుపోయాను. బల్ల నిండా పులులు, జింకలు, నెమళ్ళు, సీతాఫలాలు, మామిడిపళ్ళు. డ్రాగన్ మాత్రం లేదు.

ఆయన బొమ్మల పుస్తకం అటూ ఇటూ తిరగేసి, "దీనికి కాళ్ళెన్ని సార్?" అని అడిగాడు. "ఒక దాంట్ల నాలుగు గీసిండు. ఇంకో దాంట్ల రెండే ఉన్నయి. తేల్చి చెప్పండి, కొయ్య కోస్త."

ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి నేను. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "తేల్చుకొని వస్తామయ్యా," అని చెప్పి మనవణ్ణి వెంటబెట్టుకొని ఇంటికి వచ్చేశాను. ఆ తేల్చుకోవటంలో ఇద్దరమూ కలిసి మాట్లాడుకున్న సంగతులే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

యూరపు దేశాల పాత బొమ్మలలో డ్రాగన్‌కు కొన్నిచోట్ల నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు ఉంటవి. మరికొన్నిచోట్ల కాళ్ళు రెండే. ఇంగ్లీషువారు ఈ రెండుకాళ్ళ దానికి వైవర్న్ అని వేరే పేరు పెట్టుకున్నారు. వేల్స్ దేశపు జెండా మీద ఉండే ఎర్ర డ్రాగన్ నాలుగు కాళ్ళది. చైనా డ్రాగన్‌కు కూడా కాళ్ళు నాలుగే గాని, సాధారణంగా రెక్కలుండవు. రెక్కలు లేకుండానే అది మేఘాలలో చేపలాగా ఈదుతుంది. అక్కడ కాళ్ళకంటె గోళ్ళ లెక్క ముఖ్యం. అయిదు గోళ్ళ డ్రాగన్ చక్రవర్తికి గుర్తు. మన పొరుగున ఉన్న భూటాను జెండా మీద తెల్లని డ్రాగన్ ఒకటి గోళ్ళతో రత్నాలు పట్టుకొని ఉంటుంది. భూటాను వాళ్ళు తమ దేశాన్ని ఉరుముల డ్రాగన్ దేశమనే పిలుచుకుంటారు.

మరి మన నాగరాజుకో? కాళ్ళూ లేవు, రెక్కలూ లేవు. ఉన్నది పడగ. తలలు మాత్రం ఒకటి, అయిదు, ఏడు, ఆదిశేషుడికైతే ఏకంగా వెయ్యి!

ఇక్కడ జీవశాస్త్రం ఏమంటుందో కూడా చూద్దాం. కప్ప, బల్లి, కాకి, ఆవు, మనిషి, ఇవన్నీ వెన్నెముక ఉన్న జీవులు. వీటిలో దేనికైనా ఉండేవి రెండే జతల అవయవాలు. కాకి రెక్కలంటే దాని ముందుకాళ్ళే, రూపం మారాయి, అంతే. గబ్బిలం రెక్క అంటే పొడుగాటి చేతివేళ్ళ మధ్య గొడుగు గుడ్డలాగా సాగిన చర్మం. కాబట్టి రెక్కలు కావాలంటే రెండు కాళ్ళు వదులుకోక తప్పదు. నాలుగు కాళ్ళూ, వాటి పైన రెండు రెక్కలూ అంటే మొత్తం ఆరు అయినవి. అటువంటి వెన్నెముక జీవి ఇంతవరకు ఎక్కడా దొరకలేదు, రాళ్ళలోని శిలాజాలలో కూడా.

ఒక్క చిన్న జీవి మాత్రం ఈ లెక్కను చమత్కారంగా దాటింది. పశ్చిమ కనుమల అడవులలో ఎగిరే బల్లి ఉన్నది. దానికి నాలుగు కాళ్ళున్నవి, రెక్కల వంటివీ ఉన్నవి. ఆ రెక్కలు కాళ్ళనుంచి వచ్చినవి కావు. దాని ప్రక్కటెముకలు కొన్ని పొడుగ్గా పెరిగి, వాటి మధ్య చర్మం సాగి ఉంటుంది. అది చెట్టు మీదనుంచి దూకి, ఆ చర్మాన్ని విప్పి, గాలిలో జారుతూ ఇంకో చెట్టుకు చేరుతుంది. లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు 1758లో ఈ జాతికి డ్రాకో అని పేరు పెట్టాడు. డ్రాకో అంటే డ్రాగనే! అయితే అది తోకతో కలిపి జానెడు ఉంటుంది. దాని తిండి చీమలు. ఈ మాట వినేసరికి మా మనవడి ముఖం చిన్నబోయింది.

డ్రాగన్ అనే మాట గ్రీకు భాషలోని డ్రాకోన్ అనే మాట నుంచి పుట్టింది. దానికి అర్థం పెద్ద పాము. అంటే యూరపువారి డ్రాగన్‌కు కూడా మొదట్లో కాళ్ళు లేవన్నమాట! గ్రీకుల కథలలో ఈ పాముకు ముఖ్యమైన పని కాపలా. బంగారు ఉన్ని ఉన్న గొర్రెతోలును నిద్రపోని పాము ఒకటి కాపలా కాసేది. బంగారు ఆపిల్ పళ్ళున్న చెట్టును మరొకటి కాచేది. ఉత్తర యూరపు కథలలో ఫాఫ్నిర్ అనేవాడు బంగారం మీది ఆశతో తానే డ్రాగన్‌గా మారి దాని మీద పడుకుంటాడు.

ఇది వింటూ ఉంటే మీకు ఏమన్నా గుర్తు వచ్చిందా? మా చిన్నతనంలో పాడుపడిన గఢీల పక్కనుంచి పోయేటప్పుడు పెద్దలు చెప్పేవారు, లోపల లంకెబిందెలున్నవనీ, వాటికి పాము కాపలా ఉన్నదనీ. ఆ ధనాన్ని ముట్టుకోబోయినవాడు బతికి బట్టకట్టడని కూడా అనేవారు. గ్రీకు కథ మా నాయనమ్మ విన్నది కాదు, మా నాయనమ్మ కథ గ్రీకులు విన్నదీ కాదు. అయినా ఇద్దరూ ధనం దగ్గర పామునే కూర్చోబెట్టారు. భూమిలోని బొరియల్లో ఉండేది పాము, భూమిలో దాచేది ధనం. పోలిక కుదిరింది కాబోలు.

ఇంగ్లీషులో బేవుల్ఫ్ అనే ప్రాచీన కావ్యం ఉన్నది. అందులో ఒక దొంగ డ్రాగన్ ధనంలోనుంచి ఒక్క పాత్ర ఎత్తుకుపోతాడు. డ్రాగన్ మేలుకొని ఊళ్ళు తగలబెడుతుంది. ముసలివాడైన రాజు బేవుల్ఫ్ దానితో పోరాడి, దాన్ని చంపి, తానూ చస్తాడు. టోల్కీన్ అనే ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ఈ కావ్యాన్ని విద్యార్థులకు బోధించేవాడు. ఆయనే 1937లో హాబిట్ అనే పిల్లల నవల ప్రకటించాడు. అందులో స్మాగ్ అనే డ్రాగన్ బంగారపు గుట్ట మీద నిద్రపోతుంది. బిల్బో అనే పొట్టివాడు మెల్లగా పోయి ఏం దొంగిలిస్తాడనుకున్నారు? ఒక్క పాత్ర! తన మనసుకు నచ్చిన పాత కథను ఆచార్యుడు ఎంత ముచ్చటగా వాడుకున్నాడో చూశారా? స్మాగ్ తియ్యగా మాట్లాడుతుంది, పొడుపుకథలు విప్పుతుంది, పొగిడితే పొంగిపోతుంది. చివరకు ఒక విలుకాడి బాణం తగిలి చస్తుంది.

యూరపు పాత కథలలో డ్రాగన్ గతి దాదాపు ఎప్పుడూ ఇదే. కథలో అది కనిపించిందంటే దాన్ని చంపే వీరుడు ఎక్కడో బయలుదేరాడన్న మాటే. జార్జి అనే మహాత్ముడి కథ వీటన్నిటిలోకీ ప్రసిద్ధమైనది. ఒక ఊరివారు డ్రాగన్‌కు రోజూ గొర్రెలను పంపుతారు. గొర్రెలు అయిపోయిన తరవాత చీట్లు వేసి పిల్లలను పంపుతారు. చీటీ రాజకుమార్తెకు వస్తుంది. అప్పుడు జార్జి గుర్రమెక్కి వచ్చి బల్లెంతో పొడుస్తాడు. మన బకాసురుడి కథ తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. బండెడు అన్నం లేదు, భీముడికి బదులు జార్జి.

మన కథలలో పామును చంపటం లేదని కాదు. ఋగ్వేదంలో ఇంద్రుడు నీళ్ళను బంధించిన వృత్రుడనే మహాసర్పాన్ని వజ్రంతో చంపి నదులను వదిలాడు. గరుత్మంతుడికి పాములే ఆహారం. కాని మన పెద్ద కథలు కొన్ని వేరే దారి తొక్కాయి. కృష్ణుడు కాళియుడి పడగల మీద తాండవమాడి కూడా వాణ్ణి చంపలేదు. నాగపత్నులు వేడుకుంటే, మడుగు విడిచి సముద్రానికి పొమ్మన్నాడు. జనమేజయుడు తన తండ్రిని కరిచిన తక్షకుడి మీది కోపంతో సర్పజాతినే నాశనం చేయటానికి యాగం మొదలుపెట్టాడు. పాములు వచ్చి హోమగుండంలో పడుతున్నవి. అప్పుడు ఆస్తీకుడనే చిన్నవాడు వచ్చి ఆ యాగాన్ని ఆపించాడు. ఆస్తీకుడి తల్లి నాగకన్య, తండ్రి ఋషి. వాడు రెండు జాతులకూ బంధువు. నన్నయ తెలుగులో భారతం మొదలుపెట్టినప్పుడు ఆదిపర్వంలో ఈ సర్పయాగం కథను ఎంతో విస్తారంగా చెప్పాడు.

ఇంతవరకు చెప్పినవి పుస్తకాలలోని సంగతులు. ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. మా మనవడికి ఇది నేను మొదట చెప్పదలచుకోలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, 1980లలో, ఉట్నూరు వైపు ఒక పల్లె బడిలో పనిచేశాను. పిల్లలలో సగం మంది గోండు పిల్లలు. ఒకరోజు ఇంగ్లీషు పాఠం చెబుతూ జార్జి కథ నేను ఎంతో ఉత్సాహంగా చెప్పాను. బల్లెం ఎలా పట్టుకున్నాడో, ఎలా పొడిచాడో బెత్తంతో అభినయించి చూపించాను. పిల్లలు కళ్ళప్పగించి విన్నారు. ఆ మధ్యాహ్నమే గోడవారనుంచి పొడుగాటి పాము ఒకటి బయటికి వచ్చింది. మగపిల్లలంతా కర్రలు పట్టుకొని వీరులైపోయారు. వాళ్ళను ఆపవలసినవాణ్ణి నేను. ఆపకపోగా అందరికంటె ముందున్నాను.

అది చచ్చిన తరవాత చూస్తే జెర్రిపోతు. జెర్రిపోతుకు విషం లేదు. ఎలుకలను తిని బతుకుతుంది. ఆ సంగతి నేను పిల్లలకు అంతకు ముందే పాఠంలో చెప్పి ఉన్నాను కూడా!

మెస్రం వంశపు పిల్లవాడు ఒకడు కర్ర పట్టుకోకుండా దూరంగా నిలబడి ఉన్నాడు. "అదేం జేసింది సార్?" అన్నాడు. వాడు నన్ను తప్పుపట్టటానికి అడగలేదు. అది ఏదో చేసి ఉంటుంది, సార్‌కు తెలిసి ఉంటుంది అనుకొని అడిగాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

మర్నాడు వాడు బడికి రాలేదు. మూడో రోజున వాళ్ళ తాత వాణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. నన్ను నాలుగు మాటలు అంటాడేమోనని భయపడ్డాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. "పుష్యమాసంల కేస్లాపూర్‌కు పోతున్నం. మీరు గూడ రండి సార్," అని మాత్రం అన్నాడు. ఆ ఏడు వానాకాలంలో మా బడి అల్మారాలో పుస్తకాలన్నీ ఎలుకలు కొట్టేశాయి. పిల్లల హాజరు పట్టీ కూడా మిగలలేదు. అదంతా ఆ ఒక్క పాము చావు వల్లనే అని నేను చెప్పను. కాని ఆ పుస్తకాల పొట్టు ఊడ్చినప్పుడల్లా ఆ పిల్లవాడి ప్రశ్న గుర్తుకు వచ్చేది.

ఆ పుష్యమాసంలో కేస్లాపూర్ వెళ్ళాను. ఇది ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని పల్లె. అక్కడ నాగోబా వెలసి ఉన్నాడు. నాగోబా అంటే నాగదేవత, మెస్రం వంశీయుల కులదైవం. పుష్యమాసపు అమావాస్య రాత్రి మహాపూజ జరుగుతుంది. దానికి ముందే మెస్రం వారు కొందరు కలశం తీసుకొని, చెప్పులు లేని కాళ్ళతో, ఊరి తరవాత ఊరు నడుచుకుంటూ జన్నారం దగ్గరి హస్తినమడుగుకు పోయి గోదావరి నీళ్ళు తెస్తారు. తిరిగి వచ్చి మర్రిచెట్ల కింద బస చేస్తారు. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేస్తారు. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా వంట ఇరవైరెండు పొయ్యిల మీదనే. ఒకరి తరవాత ఒకరు ఓపికగా వండుకుంటారు.

నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచినది భేటింగ్ అనే ఆచారం. ఆ ఏడు మెస్రం ఇళ్ళకు వచ్చిన కొత్త కోడళ్ళు తెల్ల చీరెలు కట్టుకొని, ముసుగులు వేసుకొని వరసగా వస్తారు. పెద్దలు వాళ్ళను నాగోబాకు పరిచయం చేస్తారు. ఆ పరిచయం అయితేనే కోడలు వంశంలో చేరినట్టు లెక్క. ఒక్కసారి ఆలోచించండి. కొత్త కోడలిని మనం ఎవరికి చూపిస్తాం? ఇంటి పెద్దకు. అక్కడ ఇంటి పెద్ద పాము! దాన్ని ఎవరూ చంపరు, ఎవరూ ఎక్కరు, ఎవరూ పెంచరు. దాని ఇంటికి వీళ్ళే నడిచిపోయి, నీళ్ళు ఇచ్చి, కనిపించి వస్తారు.

నేను చూసినప్పటి గుడి ఇప్పుడు లేదు. ఇప్పుడున్న రాతి గుడిని మెస్రం వారు చందాలు వేసుకొని స్వయంగా కట్టుకొని 2022లో ప్రారంభించారు. జాతర చివర ప్రభుత్వ అధికారులు వచ్చి గిరిజనుల కష్టసుఖాలు వినే దర్బారు కూడా జరుగుతుంది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయిన తరవాత, గోండుల స్థితిని తెలుసుకోవటానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుణ్ణి పంపింది. దర్బారును మొదలుపెట్టించినది ఆయనే.

ఉపాధ్యాయుణ్ణి కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. పాము దేవుడన్నారు గదా అని పుట్టలో చెయ్యి పెట్టకూడదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు సగటున ఏడాదికి 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగూ చాలా ప్రమాదకరమైనవి. పాము కరిస్తే గాయాన్ని కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు, మంత్రాల కోసం ఆగకూడదు. కరిచిన కాలునో చేతినో కదలనియ్యకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ ఇచ్చే మందు కూడా పాము విషం వల్లనే తయారవుతుంది. గుర్రాలకు విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీసి మనకు ఇస్తారు. తమిళనాడులో ఇరుళ తెగవారు సహకార సంఘంగా ఏర్పడి, పాములను పట్టి, విషం పిండుకొని, వాటిని మళ్ళీ అడవిలో వదిలిపెడతారు. ఇంకొక మాట. పాము పాలు తాగి బతికే జీవి కాదు. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసేది మన భక్తి కొద్దీ. దాని ఆహారం కప్పలు, ఎలుకలు.

మళ్ళీ డ్రాగన్ల సంగతికి వద్దాం. ఈ వందేళ్ళ పైచిలుకు కాలంలో యూరపు, అమెరికా కథలలో డ్రాగన్ బతుకు పూర్తిగా మారిపోయింది. 1898లో కెన్నెత్ గ్రాహం ఒక కథ రాశాడు. అందులోని డ్రాగన్‌కు పోట్లాట అంటే ఇష్టం లేదు, కవిత్వం అంటే ఇష్టం. ఊరివారు జార్జిని పిలిపిస్తారు. ఒక పిల్లవాడు ఇద్దరికీ మధ్యవర్తిగా నిలబడతాడు. చివరకు జార్జీ, డ్రాగనూ ముందే మాట్లాడుకొని ఊరి ఎదుట ఉత్తుత్తి యుద్ధం చేస్తారు! 1968లో ఆన్ మెకాఫ్రీ అనే రచయిత్రి రాసిన నవలలో డ్రాగన్లు మనుషులతో మనసుతో మాట్లాడుతవి, తమ మీద ఎక్కించుకొని ఎగురుతవి. అదే ఏడు అర్సులా లెగ్విన్ ఎర్త్‌సీ కథలు మొదలుపెట్టింది. ఆమె డ్రాగన్లు ఎవరినీ ఎక్కించుకొని తిరిగే వాహనాలు కావు. అవి సృష్టి మొదటి భాష మాట్లాడే వృద్ధులు. మనుషులూ, డ్రాగన్లూ ఒకప్పుడు ఒకే జాతి అని ఆమె తరవాతి పుస్తకాలలో రాసింది. ఆస్తీకుడి కథ తెలిసిన మనకు ఈ ఊహ అంత దూరపుదిగా తోచదు. హారీ పాటర్ చివరి పుస్తకంలో బ్యాంకు కింద ధనాన్ని కాపలా కాసే డ్రాగన్ ఒకటి ఉన్నది. పాత కథలో డ్రాగన్ ధనానికి యజమాని. ఇక్కడ అది గొలుసులతో కట్టివేసిన ఖైదీ. పిల్లలు దాన్ని విడిపించి దాని మీదనే పారిపోతారు.

మా మనవడికి ప్రాణమైనది మాత్రం వేరే. క్రెసిడా కోవెల్ 2003లో ప్రారంభించిన పుస్తకాలను బట్టి 2010లో తీసిన సినిమా అది. డ్రాగన్లను చంపటమే వీరత్వం అనుకునే ఊళ్ళో హికప్ అనే కుర్రవాడు. వాడు ఒక నల్లని డ్రాగన్‌ను వలవేసి పడగొడతాడు. కత్తి ఎత్తుతాడు గాని చంపలేకపోతాడు. వాడివల్లనే దాని తోక సగం తెగి ఎగరలేకపోతుంది. వాడు దానికి తోలుతో తోక కుట్టి పెడతాడు. చివరకు యుద్ధంలో వాడి కాలు కూడా పోతుంది. ఇద్దరూ అవిటివాళ్ళే. ఒకరు లేకుండా ఇంకొకరు ఎగరలేరు. మనవడు దగ్గర కూర్చొని నాకు ఈ సినిమా చూపించాడు. కుర్రవాడు కత్తి దించే చోట నాకు మా పల్లె బడి గోడవారన పడి ఉన్న జెర్రిపోతు జ్ఞాపకం వచ్చింది. అప్పుడే వాడికి ఆ సంగతి చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు.

సినిమా నాకు నచ్చింది. అయితే జీను నచ్చలేదు. ఆ మాటే వాడితో అన్నాను. "స్నేహితుడు అంటున్నావు గదా, స్నేహితుడికి జీను వేస్తారా? పూర్వం యూరపువాళ్ళు డ్రాగన్‌ను పొడవటానికి గుర్రం ఎక్కారు. ఇప్పుడు డ్రాగన్‌నే గుర్రం చేసుకున్నారు. కేస్లాపూర్‌లో చూడు, ఆయన ఇంట్లో ఆయన ఉంటాడు, మనమే పోయి చూసి వస్తాం."

వాడు ఊరుకుంటాడా? "మరి విష్ణుమూర్తి శేషుడి మీద పడుకోలేదా తాతా? కృష్ణుడు కాళియుడి తలమీద ఎక్కి ఎగరలేదా?" అన్నాడు.

నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. మా ఆవిడ వంటింట్లోనుంచి నవ్వటం వినిపించింది. శేషుడు తనంత తానుగా పరుపు అయినాడని, దానికి కళ్ళెం లేదని ఏదో సమాధానం చెప్పాను గాని, వాడి ప్రశ్న బాగానే ఉన్నదని ఒప్పుకోక తప్పలేదు.

ఆ తరవాత వాడు ఇంకో ప్రశ్న వేశాడు. "ఇన్ని దేశాలవాళ్ళు చెప్పారంటే డ్రాగన్ నిజంగా ఉండేదేమో తాతా?"

దీనికి మాత్రం నా దగ్గర జవాబు ఉన్నది. కొన్నిచోట్ల మనుషులు నిజమైన ఎముకలు చూసే డ్రాగన్‌ను ఊహించారు. ఆస్ట్రియా దేశంలో క్లాగెన్‌ఫుర్ట్ అనే ఊరు ఉన్నది. అక్కడ 1335లో పెద్ద పుర్రె ఒకటి దొరికింది. అది డ్రాగన్ పుర్రె అనుకున్నారు. తరవాత ఊరి నడుమ డ్రాగన్ విగ్రహం చెక్కినప్పుడు తలకు ఆ పుర్రెనే నమూనాగా పెట్టుకున్నారు. నిజానికి అది ఎప్పుడో అంతరించిపోయిన, ఒంటినిండా ఉన్ని ఉండే ఖడ్గమృగం పుర్రె! చైనాలో పాతకాలపు ఎముకలను డ్రాగన్ ఎముకలని మందుల కొట్లలో అమ్మేవారు. 1899లో అటువంటి ఎముకల మీద అక్షరాలు కనిపించాయి. పరిశీలించగా అది చైనావారి అతి ప్రాచీనమైన లిపి అని తేలింది. అంతకు ముందు ఎంత చరిత్రను నూరి కషాయంలో కలిపి తాగేశారో!

మన దగ్గర కూడా ఎముకలు దొరికాయి. మన ఉత్తర తెలంగాణ పక్కనుంచి పారే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఆ లోయలోని రాళ్ళు కోట్ల ఏళ్ళనాటివి. 1958 నుంచి అక్కడ, సిరొంచ వైపు పోచంపల్లి అనే ఊరి దగ్గర, కలకత్తాలోని గణాంక సంస్థవారు పెద్ద రాక్షసబల్లి ఎముకలు తవ్వి తీశారు. 1961 రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సరం. అందుకని ఆయన పేరు కలిపి దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో బర పా అంటే పెద్ద కాలు. 1970ల చివర యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వేవారికి మరొక రాక్షసబల్లి దొరికింది. 840 ఎముకలు, కనీసం పన్నెండు జంతువులవి! అన్నీ ఒకేచోట గుంపుగా ఉన్నవి. 1988లో దానికి కోటాసారస్ అని పేరు పెట్టారు. కోట అనేది ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. ఆ ఊరి పేరుతోనే అక్కడి రాళ్ళను పిలుస్తారు.

ఇది సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటి జంతువు. తోకతో కలిపి బస్సు అంత పొడవు. పొడుగాటి మెడ. దీన్ని చూసి ఎవరైనా డ్రాగన్ అంటే తప్పుపట్టలేం. కాని అది నిప్పులు కక్కలేదు, ధనం కాపలా కాయలేదు, ఎవరినీ మింగలేదు. అది తిన్నది ఆకులు. అది తిరిగిన రోజులలో దాన్ని చంపటానికి వీరులు లేరు, ఎక్కి తిరగటానికి పిల్లలు లేరు, దండం పెట్టటానికి భక్తులు లేరు. మనుషులే లేరు. దాని అస్థిపంజరాన్ని పేర్చి హైదరాబాదులో బిర్లా సైన్సు సెంటరులో నిలబెట్టారు. మా మనవడు ఉండే ఇంటికి అది ఎంతో దూరం కూడా లేదు. అయినా వాడు ఎప్పుడూ చూడలేదట. డ్రాగన్‌ను వెతుక్కుంటూ వాడు నా దగ్గరికి వచ్చాడు, అది వాడి ఊళ్ళోనే నిలబడి ఉన్నది!

సెలవులు అయిపోయి వాడు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు బొమ్మల పుస్తకంలో చివరి కాగితం మీద కొత్తగా ఒక పాము గీశాడు. దానికి కాళ్ళు లేవు. పక్కన పుట్ట ఉన్నది. రెక్కలు మాత్రం తియ్యలేదు. జీను పుట్ట పక్కన కింద పెట్టి ఉన్నది. "ఎందుకురా?" అంటే, "అడుగుతాను. అది సరేనంటేనే వేస్తాను," అన్నాడు.

పోయిన ఆదివారం సాయంత్రం ఫోను మోగింది. "తాతా! మ్యూజియంలో ఉన్నాను. దీనికి నాలుగు కాళ్ళు. రెక్కలు లేవు. చుట్టూ తిరిగి లెక్కపెట్టాను," అన్నాడు.

"అయితే బొమ్మలాయనకు నాలుగని చెప్పనా?" అన్నాను.

కొంచెం సేపు అటునుంచి మాట లేదు. తరవాత, "వద్దు తాతా, కొయ్య కోయవద్దని చెప్పు. నేను దసరాకు వస్తాను," అన్నాడు.